ఒక్క ఊరే లేచిందన్నారు

1999 నవంబరులో నన్ను గ్రావిటీ పార్టీ ఇన్‌చార్జిగా వినుకొండ క్యాంపుకు వేశారు. అప్పటికి నేను ప్రభుత్వ భూభౌతిక సర్వేలో సీనియర్ జియోఫిజిసిస్టుని. పార్టీ అంటే మా శాఖ భాషలో ఒక జీపు, ఒక గ్రావిమీటరు, ఇద్దరు ముగ్గురు మనుషులు, నెలనెలా పై ఆఫీసుకు పంపాల్సిన ప్రగతి నివేదిక. ఆడవాళ్లకు ఫీల్డు పార్టీ అప్పగించవచ్చా అన్నది మా ఆఫీసులో అప్పటికింకా తెగని చర్చ. ఆ చర్చ సాగుతుండగానే నేను పెట్టె సర్దుకుని బయలుదేరాను.

చీరాల ఒడ్డున మొదలుపెట్టి పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా వినుకొండ దాటి నల్లమల అడుగుదాకా ఒక గీత గీసుకుని, ఆ గీత పొడుగునా కిలోమీటరుకొక చోట భూమ్యాకర్షణ కొలవాలి. కాగితం మీద ఇది చాలా నిదానమైన పని. నల్లరేగడిలో వాన పడ్డాక జీపు దిగబడితే అంత నిదానంగా ఉండదు.

ఎందుకు కొలవాలన్నది చెప్పాలి. మన తూర్పు తీరం ఒకప్పుడు తీరం కాదు. అంటార్కిటికా మనకు అతుక్కుని ఉండేది. పదమూడు కోట్ల ఏళ్ల కిందట, కాస్త అటూ ఇటూగా, ఆ ఖండం చీలిపోయి దూరం జరిగింది. చీలిన అంచు వేడిగా ఉంటుంది, చల్లారేకొద్దీ కుంగుతుంది. సముద్రం వైపు కుంగింది కూడా. కానీ లోపలికి వస్తే కథ తిరగబడుతుంది. కొండలు నిలబడే ఉన్నాయి. అన్ని కోట్ల ఏళ్ల వానలకు అరిగి చదును కావలసినవి, అరిగిన మేరకు మళ్లీ ఎవరో ఎత్తి పెట్టినట్టున్నాయి. గుండ్లకమ్మ పక్కన కొన్ని చోట్ల నదిలో ఉండాల్సిన గులకరాళ్లు నదికి బాగా ఎత్తున మెట్ట పొలాల్లో తేలతాయి. ఎవరు ఎత్తారన్నదే ప్రశ్న.

అప్పట్లో మా రంగంలో కొత్తగా నలుగుతున్న ఒక ఆలోచన ఈ ప్రశ్నకు సరిపోయేది. ఖండానికి అడుగున వందల కిలోమీటర్ల మందాన చల్లని, బరువైన రాతి వేరు ఉంటుంది. దాని కింద ఉన్నదాన్ని మాంటిల్ అంటాం. అది గట్టి రాయే అయినా కోట్ల ఏళ్ల లెక్కలో మెల్లగా పారుతుంది. ఖండం చీలిన చోట వేడి మాంటిల్ పైకి వచ్చి, పక్కనున్న చల్లని వేరు అంచుకు తగులుతుంది. వేడిది లేస్తుంది, చల్లనిది దిగుతుంది, ఆ సుడిలో వేరు అడుగు కొద్దికొద్దిగా ఊడి కిందికి జారిపోతుంది. కృష్ణలో బల్లకట్టు మీంచి బస్తాలు దించేకొద్దీ అది పైకి తేలినట్టు, బరువు తగ్గిన నేల పైకి తేలుతుంది. ఈ ఊడడం అంచు దగ్గర మొదలై ఏటికేడు లోపలికి పాకుతుంది. దాంతోపాటు నేల లేవడం కూడా. చీలిక ఆగిపోయిన కోట్ల ఏళ్లకు, తీరానికి దూరంగా కొండలు ఎందుకు లేచాయో దీనితో అర్థమవుతుంది. మా గీత పొడుగునా ఆకర్షణ ఎలా మారుతోందో చూస్తే, కింద బరువు ఎక్కడ ఉందో, ఎక్కడ తగ్గిందో కొంత తెలుస్తుంది. కొంతే. గ్రావిటీ చెప్పినదాన్ని వినాలి గానీ, చెప్పనిదాన్ని దాని నోట్లో పెట్టకూడదు.

గ్రావిమీటరు చూడడానికి టిఫిను డబ్బాకు పెద్దక్క. లోపల ఒక సన్నని స్ప్రింగు, దానికి వేలాడే చిన్న బరువు. భూమి ఆకర్షణ మొత్తం తొమ్మిది లక్షల ఎనభై వేల మిల్లీగాళ్లయితే, అందులో ఒక మిల్లీగాలులో నూరో వంతును ఇది పట్టుకుంటుంది. నేల మీటరు ఎత్తు పెరిగితే ఆకర్షణ సుమారు 0.3 మిల్లీగాలు తగ్గుతుంది. అంచేత ప్రతి చోటా ఎత్తు కచ్చితంగా తెలియాలి. ఎత్తు కోసం సర్వే వాళ్లు పాతిన బెంచ్‌మార్కు రాళ్ల మీద ఆధారపడతాం. సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని లెక్కగట్టి ఊళ్లలో, వంతెనల మీద పాతిన రాళ్లవి. మా వృత్తిలో కొడుకునైనా అనుమానిస్తాం గానీ బెంచ్‌మార్కును అనుమానించం.

స్ప్రింగు రోజంతా కొద్దికొద్దిగా సాగుతుంది. దీన్ని డ్రిఫ్టు అంటాం. అందుకని పొద్దున ఒక బేస్ స్టేషన్‌లో రీడింగు తీసి, మధ్యలో, సాయంత్రం మళ్లీ అక్కడికే వచ్చి తీయాలి. దారిలో పరికరాన్ని కుదుపు తగలకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. మా జీపు డ్రైవరు నన్ను ఊళ్లలో పరిచయం చేసేటప్పుడు, "మేడం గారికి ఆ పెట్టె తర్వాతే ఎవరైనా" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

జనవరి వచ్చేసరికి మిరపకోతలు మొదలయ్యాయి. ఊరి బయట ఎక్కడ చదునైన గట్టి నేల కనపడినా అక్కడ కళ్లం. నాకూ పరికరం పెట్టడానికి చదునైన గట్టి నేలే కావాలి. ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన కూర్చుని కంటి గొట్టంలోకి చూస్తూ, లోపలి సన్న గీతను గుర్తు గీత మీదికి తెచ్చే క్షణానికి తుమ్ము వచ్చేది. తుమ్మితే రీడింగు పోయినట్టే. కళ్లాల్లో పనిచేసే ఆడవాళ్లు నా అవస్థ చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లకు మాత్రం ఒక్క తుమ్ము రాదు.

మా గీత మీద ఒక ఊరుంది. పేరు రాయడం లేదు, ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది. వినుకొండకు తూర్పున, సాగరు కాలువ చివరి భూములకు అవతల, మెట్ట మీద ఉంటుంది. మిరప, పత్తి. ఆ ఏళ్లలో పత్తి ఎందరి కొంప ముంచిందో ఈ జిల్లాల వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కాలువను ఆ ఊరిదాకా పొడిగించడానికి ఇరిగేషన్ వాళ్లు ఆ ఏడే నేల ఎత్తులు కొలుస్తూ కొత్త లెవెళ్లు తీస్తున్నారు. ఊరంతా ఆ కాలువ మీదే ఆశ పెట్టుకుని ఉంది.

ఆ లెవెళ్లలో వింత బయటపడింది. ఊరి నడుమ ఒక బెంచ్‌మార్కు రాయి ఉంది. అది ఎన్నో ఏళ్ల కిందట పాతిన రాయి, దాని ఎత్తు పటంలో ఉంది. కాలువ వైపు నుంచి లెవెలు తీసుకుంటూ వస్తే ఆ రాయి పటంలో ఉన్నదానికంటే దాదాపు ఒక మీటరు పైన తేలింది. అటు పక్క ఊరిదీ, ఇటు వంతెన మీదిదీ సరిగ్గా సరిపోయాయి. ఇదొక్కటే లేచింది. ఇరిగేషన్ అసిస్టెంటు ఇంజనీరు కుర్రవాడు, జాగ్రత్తపరుడు. మూడుసార్లు తీసి చూశాడు. తేడా పోలేదు.

దీనివల్ల ఆ ఊరికి వచ్చిన నష్టం ఇది. ఊరి పొలాల ఎత్తులన్నీ పాతకాలంలో ఆ రాయి నుంచే కొలిచి పటం గీశారు. రాయి మీటరు లేచిందంటే, దాన్నుంచి కొలిచిన పొలాలన్నీ కాగితం మీద మీటరు లేచినట్టే. మైదానంలో కాలువ నీరు వాలు మీద నడుస్తుంది, ఆ వాలు కిలోమీటరుకు జానెడైనా ఉండదు. మీటరు ఎత్తు ఎక్కువున్న పొలానికి నీరెక్కదు. కాబట్టి ఆ ఊరిని ఆయకట్టులోంచి తీసేయాలని ప్రతిపాదన రాశారు. అది డివిజన్ ఆఫీసులో సంతకానికి సిద్ధంగా ఉంది.

ఈ సంగతి మా డిప్యూటీ డైరెక్టరు రామనాథం గారి చెవిన పడింది. ఆయన నాకు పైఅధికారి, గురువులాంటివారు. తీరం అంచు లేవడం గురించి మా శాఖలో మొదట గట్టిగా మాట్లాడింది ఆయనే. ఆ వారమే వినుకొండ క్యాంపుకు వచ్చారు. రాళ్లు కోట్ల ఏళ్ల నాటి సాక్ష్యం చెబుతుంటే, ఇక్కడ మన కళ్ల ముందే నేల లేస్తోందన్నారు. హైదరాబాదులో వార్షిక సమావేశానికి ప్రొజెక్టరు ఫిల్ము మీద మా గీత పటం గీసి, ఆ ఊరి దగ్గర ఎర్ర స్కెచ్‌తో పైకి బాణం పెట్టి ఉంచారు. మంచి బాణం.

నేను ఒప్పుకోలేదు. అప్పుడే ఆయనతో అన్నాను. మాంటిల్ చేసే పని వంద కిలోమీటర్లకు పైగా లోతున జరుగుతుంది. అంత లోతు నుంచి వచ్చే తోపు పైకి చేరేసరికి అంతంత వెడల్పున పరుచుకుంటుంది. లేస్తే గుంటూరు లేవాలి, వినుకొండ లేవాలి, మధ్యలో ఉన్న ప్రతి కళ్లమూ లేవాలి. పైగా కోట్ల ఏళ్లలో జరిగే పని, ఇంత కొద్ది ఏళ్లలో మీటరు జరుగుతుందా. ఆయన, లోతుది కాకపోతే పైన ఏదో పగులు కదిలి ఉండవచ్చన్నారు. ప్రకాశం జిల్లాలో భూమి అప్పుడప్పుడు కంపిస్తుందని అందరికీ తెలుసు కదా అన్నారు. అది తోసిపుచ్చలేని మాట. కానీ పగులు కదిలి లేచినా నేల నేలే. లేస్తే దాని మీద ఆకర్షణ తగ్గాలి. అది కొలిచే పెట్టె నా ఒళ్లోనే ఉంది.

మా శాఖ వాళ్లే చాలా ఏళ్ల కిందట ఆ రాయి పక్కన నేల మీద ఒక రీడింగు తీసి ఉన్నారు. మర్నాడు అక్కడికి వెళ్లాను. ఊరి నడుమ, నాలుగు దారులు కలిసే చోట, నడుమెత్తు రాతి అరుగు, దాని మీద ఆ రాయి. పసుపు, కుంకుమ, వేపరెమ్మలు. అది ఆ ఊరి బొడ్రాయి. ఊరికి బొడ్డు లాంటిదని దాన్ని పూజిస్తారు. అరుగుకు సున్నం కొట్టి ఉంది. సున్నం కొట్టిన అరుగు వయసు బ్రహ్మ కూడా చెప్పలేడు. ఇంజనీరు మనుషులకు అనుమానం రాకపోవడంలో వింత లేదు. బెంచ్‌మార్కులు అరుగుల మీద, మెట్ల మీద ఉండడం మామూలే. రాయి మొదటినుంచీ ఇక్కడే ఉందా అని వాళ్లు అడిగారట. బొడ్రాయిని ఎవరన్నా కదిలిస్తారా అని ఊరివాళ్లు ఎదురడిగారట.

అరుగు పక్కన నేల మీద పరికరం పెట్టాను. బేస్‌కు వెళ్లి వచ్చి మళ్లీ పెట్టాను. పక్క ఊరి పాత చోటా, వంతెన దగ్గరి పాత చోటా తీశాను. మూడు చోట్లా పాత విలువ, కొత్త విలువ నూరో వంతు తేడాతో ఒక్కటే. నేల మీటరు లేచి ఉంటే ఇక్కడ 0.3 మిల్లీగాలు తగ్గాలి. ఈ పరికరానికి అది పోల్చుకోలేని తేడా కాదు, ఏనుగంత తేడా. నేల లేవలేదు. రాయి లేచింది. రాయికి కాళ్లు లేవు కాబట్టి, ఎవరో ఎత్తారు.

సర్పంచి ఆదెమ్మ గారు. అరవైకి దగ్గర మనిషి. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి, పెద్ద గొంతు. నేను వెళ్లేసరికి కళ్లంలో తాలుకాయలు ఏరిస్తున్నారు. కూర్చోమని గోనెపట్టా పరిచారు. నేను సూటిగానే అడిగాను, బొడ్రాయిని ఎప్పుడు పైకి పెట్టారని.

"మేం ఎత్తటమేందండీ. అది ఆడనే ఉంది, మా తాతల కాలం నుంచి" అన్నారు, కాయలమీంచి చూపు ఎత్తకుండా.

"చోటు అదే ఆదెమ్మ గారూ. ఎత్తు అది కాదు."

పక్కనున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. అప్పుడు నేను కాలువ సంగతి చెప్పాను. వాళ్లకు అప్పటివరకు తెలిసింది ఒక్కటే. మన ఊరు మెరక అంట, నీళ్లు ఎక్కవంట. రాయికీ దానికీ సంబంధముందని ఎవరూ చెప్పలేదు. రాయి లేచినందుకే పొలాలు కాగితం మీద లేచాయని, అందుకే నీళ్లు పోతున్నాయని నేను చెబుతుంటే, ఆమె చేతిలోని చాట పక్కన పెట్టి ఆడవాళ్లను అవతలి మూలకు పొమ్మన్నారు.

తర్వాత తగ్గిన గొంతుతో చెప్పుకొచ్చారు. ఆ రాయి పల్లంలో ఉండేది. ఊళ్లో మురుగంతా దాని చుట్టే మడుగు కట్టేది, గేదెలు దాన్ని రాసుకుంటూ పోయేవి. "మురుగులో ముంచి పెడితే ఊరికి మంచెట్టా జరిగిద్ది చెప్పండి. రెండేళ్లు వరసన పత్తి పోయింది. పురుగొచ్చి పోయింది, వానొచ్చి పోయింది. బొడ్రాయి చూసుకోండి ముందు అన్నారు పెద్దోళ్లు. ఆ మాట నిజమే అనిపించింది నాక్కూడా." ఊరి పొలిమేరలు కట్టారు. అత్తారిళ్లలో ఉన్న ఆడపడుచులందరినీ పిలిపించారు. ప్రతిష్ఠ అయ్యేదాకా ఊళ్లోంచి ఎవరూ బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. నవధాన్యాలు పోసి, రాయిని పైకి తీసి, అరుగు కట్టి నిలబెట్టారు. దాని మీద చెక్కిన బాణం గుర్తూ అంకెలూ ఎవరో పెద్దలు చెక్కించిన యంత్రమనుకున్నారు. అది సర్కారు రాయని, కదిలిస్తే కేసవుతుందని, లెవెళ్లు తీసేవాళ్ల మాటల్లో విన్నాకే తెలిసింది. అప్పట్నుంచీ ఊరు ఊరంతా నోరు కుట్టేసుకుంది.

సర్వే వాళ్లు పాత బొడ్రాయి మీదే గుర్తు చెక్కారో, సర్వే రాయే కాలక్రమంలో బొడ్రాయి అయిందో నాకు తేలలేదు. ఆదెమ్మ గారికి ఆ ప్రశ్నే లేదు. ఊరు మొక్కింది కాబట్టి అది బొడ్రాయి.

"ఇప్పుడు నన్ను ఏం చెయ్యమంటావు అమ్మాయ్" అన్నారు. అండీలు పోయాయి. "ఎత్తామని చెబితే కేసు. పైగా బొడ్రాయి ఎత్తినందుకే నీళ్లు పోయినయ్యని రేపు ఊళ్లో నన్నే అంటారు. చెప్పకపోతే నీళ్లు పోయినయ్. పీకి కింద పెట్టమంటావా, ప్రతిష్ఠ చేసిందాన్ని పీకితే ఊరు నాశనం అయిద్ది. అది మాత్రం నా కంఠంలో ప్రాణముండగా జరగదు."

ఆమెకు భయం వేసింది, నాకు తెలిసిపోయింది. నాకు జాలి కూడా వేసింది. కానీ జాలి వేరు, లెక్క వేరు. రాయిని ముట్టనవసరం లేదన్నాను. ఎత్తు ఎంతో నిజం చెప్పి, ఇంజనీరు వచ్చినప్పుడు ఆ మాటే ఆయన ముందు అంటే చాలన్నాను. కేసు సంగతి నేను మాట్లాడతానన్నాను. అప్పుడు అంత ధైర్యంగా ఎందుకన్నానో తెలియదు, ఆ అధికారం నాకు లేదు. కానీ తప్పు చేసే ఉద్దేశం లేని ఊరి మీద కేసు పెట్టి గెలిచిన ఆఫీసరును నేనింతవరకు చూడలేదు, ఆ నమ్మకం మాత్రం ఉంది.

ఆమె పక్కన పెట్టిన చాట మళ్లీ చేతికి తీసుకున్నారు. తర్వాత గొంతు యథాప్రకారం పెంచి కేక వేశారు. "ఏరా మస్తానూ, ఇట్రా."

మస్తాన్ వలీ ఆ ఊరి తాపీమేస్త్రి. అరుగు కట్టింది అతనే. కళ్లం గట్టు మీంచి వచ్చి నిలబడ్డాడు.

"బొడ్రాయి కింద ఎన్ని వరసలు పెట్టావురా."

మస్తాన్ నన్ను చూశాడు, ఆమెను చూశాడు. "చెప్పమంటావా పిన్నీ."

"చెప్పు. దాచింది చాలు."

"మూడు వరసలండి. పైన బండ వేసి నిలబెట్టా. నడుమెత్తు వచ్చింది. పెద్దోళ్లు వంగకుండా పసుపు పెట్టుకోవాల, అంత రావాలన్నారు."

టేపు పెట్టి కొలిచాం. లెవెళ్లలో తేలిన తేడాకు రెండంగుళాల లోపే వచ్చింది. మాంటిల్ మీద పడ్డ నింద పూర్తిగా దిగిపోయింది.

రామనాథం గారికి ఫోనులో చెప్పాను. రెండో రోజు స్వయంగా వచ్చారు. నా రీడింగుల మీద ఆధారపడలేదు, పడకూడదు కూడా. గ్రావిమీటరు తానే తీసుకుని అరుగు పక్కన పెట్టి, బేస్‌కు వెళ్లి వచ్చి, మళ్లీ పెట్టి చూశారు. అవతలి కళ్లం నుంచి గాలి తోలింది. రెండుసార్లు తుమ్మి, రెండుసార్లూ మళ్లీ మొదటినుంచి తీశారు. విలువ నాదే వచ్చింది. ఆ సాయంత్రం క్యాంపులో ఫిల్ము బయటికి తీసి, తడిగుడ్డతో ఎర్ర బాణం తుడిచేశారు. "మంచి బాణం పోయింది" అన్నారు. నేను నవ్వు ఆపుకున్నాను. ఆయన ఆపుకోలేదు.

ఇక ఇంజనీరును ఒప్పించాలి. మేస్త్రి మాట, గ్రావిటీ రీడింగు ఇరిగేషన్ ఆఫీసులో చెల్లవు. వాళ్లకు లెవెలు కావాలి. పాత పటంలో ఆ రాయితో పాటు మరో రెండు చోట్ల ఎత్తులు రాసి ఉన్నాయి. మసీదు కింది మెట్టు, ఊరి మంచినీళ్ల బావి వర. వంతెన మీది బెంచ్‌మార్కు నుంచి ఆ రెండింటికీ, పోనూ రానూ లెవెలు తీద్దామన్నాను. పోయి తిరిగి వచ్చేసరికి మొదటి ఎత్తే రావాలి. అలా వస్తేనే ఆ గొలుసును నమ్ముతాం. రాయి ఉండగా మెట్టు వైపు ఎవరూ చూడలేదు, అంతే. ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, రామనాథం గారు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు.

ఆ పొద్దున కళ్లాలు వదిలి ఊరంతా వచ్చింది. మెట్టు మీద అంకెలున్న స్టాఫ్ కర్ర నిలబెట్టినప్పుడు, ఇంజనీరు దుర్భిణిలో చూసి అంకె చదివి, లెక్క వేసేదాకా అందరూ మెడలు చాచి చూస్తూనే ఉన్నారు. మెట్టు ఎత్తు పాత పటంలో ఉన్నదే. బావి వరా అంతే. తిరుగు లెవెలు మిల్లీమీటర్లలో కలిసింది. ఇంజనీరు తలెత్తి, అయితే రాయి ఎందుకు లేచిందని అడిగాడు.

ఆదెమ్మ గారు ముందుకు వచ్చారు. "మేమే ఎత్తామండి. మురుగులో ఉంటే చూడలేక ఎత్తాం. సర్కారు రాయని తెలవదు. తెలిస్తే అడిగి ఎత్తేవాళ్లం. కేసు రాస్తే సర్పంచిగా నా ఒక్కదాని మీద రాయండి, ఊరి మీద రాయొద్దు."

ఎవరో వెనకనుంచి గొణిగారు. ఆమె వెనక్కి తిరిగి, "ఏందిరా, ఎత్తుదామన్న రోజు నువ్వూ సరేనన్నావుగా" అన్నారు. గొణుగుడు ఆగిపోయింది.

కేసు రాయలేదు. రాయిని బెంచ్‌మార్కుల్లోంచి తీసేయమని మా వైపు నుంచీ, వాళ్ల వైపు నుంచీ సర్వే శాఖకు రాశాం. ఇక అది బొడ్రాయి మాత్రమే. దాని బదులు మసీదు కింది మెట్టు మీద కొత్త గుర్తు చెక్కడానికి అక్కడి పెద్దలను అడిగితే, వాళ్లు మస్తాన్‌నే చెక్కమన్నారు. చెక్కడం అయ్యాక నేను, ఈ మెట్టును మాత్రం ఎవరూ పైకి ఎత్తకండి అన్నాను.

"ఎత్తితే ముసలోళ్లు ఎక్కలేరుగా, ఎందుకెత్తుతాం" అన్నాడు మస్తాన్.

ఊరు మళ్లీ ఆయకట్టులో చేరింది. 2003లో వేరే పని మీద ఆ దారిన పోతూ ఆగాను. కాలువ తవ్వారు. నీళ్లు వచ్చే ఏడు వస్తున్నాయి, రాని ఏడు రావడం లేదు. చివరి భూముల సంగతి అంతే, దానికి కారణాలు మా శాఖ పరిధిలోకి రావు. ఆదెమ్మ గారు అప్పటికి సర్పంచి కాదు. మిరపకు ఒక తడి కాలువ కింద వచ్చిందని చెప్పి, నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. తర్వాత, "మరి నేల లేచిద్దని మీ సారు అన్నదంతా ఉత్తదేనా" అని అడిగారు.

ఉత్తది కాదన్నాను. నేల లేచింది, అది మా గీత మొత్తం మీద కనిపిస్తోంది. తీరం నుంచి కొండలదాకా ఆకర్షణ ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా, నిదానంగా, ఎన్నో పదుల కిలోమీటర్ల వెడల్పున మారుతూ పోయింది. అడుగున ఏదో పెద్దది, లోతుది, మార్పు చెంది ఉండవచ్చన్న ఆలోచనకు అది సరిపోతుంది. ఇంకా లేస్తోందో, ఎప్పుడో ఆగిందో మా దగ్గరున్న పరికరాలకు అందదు. లేస్తున్నా మీ ఊరూ, పక్క ఊరూ, గుంటూరూ, కాలువా కలిసే లేస్తాయి, కాబట్టి నీళ్లకు అడ్డం రాదన్నాను.

"అందరం కలిసి లేస్తే ఇక తెలిసేదెట్టా" అన్నారు ఆమె.

తెలియదు. అందుకే మాకు జీతాలిచ్చారు.

ఈ ఉదంతం తర్వాత నా దగ్గర పనిచేసిన ప్రతి కొత్త అసిస్టెంటుకూ ఒక సూత్రం చెప్పాను, పెన్షను తీసుకుంటున్న ఈ రోజుకీ అది మార్చుకోవలసిన అవసరం రాలేదు. వెడల్పుగా కనిపించే మార్పుకు కారణం పైనా ఉండవచ్చు, లోతునా ఉండవచ్చు, అది తేల్చడానికి ఇంకా కొలవాలి. సన్నగా, ఒక్క చోటే కనిపించే మార్పుకు కారణం లోతున ఉండదు. మాంటిల్ ఊళ్లను ఏరుకోదు. ఒక్క ఊరే లేచిందని తేలితే, భూగర్భంలోకి చూసే ముందు ఆ ఊళ్లోకి వెళ్లి, ఎవరు ఎత్తారో, ఎందుకెత్తారో అడగాలి.